మందుల చీటీకి మామిడి సీజన్ తెలియదు

డాక్టరు గారు చీటీ రాసి, పెన్ను మూత పెడుతూ ఆఖరున ఒక మాట అంటారు: "మామిడి పండు మాత్రం ముట్టుకోకండి." మీరు బుద్ధిగా తలూపుతారు. నూజివీడులో బస్సు దిగి ఇంటికొస్తారు. మంచం కింద వరిగడ్డిలో మాగేసిన రసాలు ఇల్లంతా ఘుమఘుమలాడిస్తుంటాయి. ఇప్పుడు చెప్పండి, ఆ మాట ఎన్నాళ్ళు నిలబడుతుంది?

నాలుగు రోజులు నిలబడితే గొప్పే. ఆ తర్వాత ఒక రాత్రి, అందరూ పడుకున్నాక, ఒక పండు. మర్నాడు "ఎలాగూ తప్పేశాం కదా" అని రెండు. ఆపైన గ్లూకోమీటరు బీరువాలోకి, చీటీ దేవుడి పటం వెనక్కి. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళేది జులైలోనే. అదీ తిట్లు తినడానికి సిద్ధపడి.

ఇందులో మీ తప్పెంత? కొంత ఉంది. కానీ అసలు లోపం ఆ పథ్యంలోనే ఉంది. పన్నెండు నెలలూ ఒకేలా నడిచే మనిషి కోసం రాసిన పథ్యం అది. మన వైపు ఏడాది అలా నడవదు కదా! సంక్రాంతి నాటికి పూత, శివరాత్రికి పిందె, మార్చి నెలాఖరు నుంచి కోత. ఏప్రిల్, మే నెలల్లో పెళ్ళిళ్ళు, నిప్పులు చెరిగే ఎండ, నున్న మార్కెట్‌కు లోడ్లు, ధర పడిపోతే నిద్ర పట్టని రాత్రులు. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, ఎక్కడైనా ఇదే వరస. తిండి, నిద్ర, పని వేళలు మూడూ ఒకేసారి తారుమారయ్యే కాలం ఇది. షుగర్ అదుపు తప్పేదీ అప్పుడే.

కాబట్టి సీజన్‌కు వేరే ప్లాను కావాలి. మందు డోసు మార్చడం డాక్టరు పని, అందులో మీరు గానీ నేను గానీ వేలు పెట్టకూడదు. మిగతాదంతా మీ చేతుల్లోదే. అది ఎలాగో చూద్దాం.

1. "తినొచ్చా?" అని అడగకండి. "ఎంత? దేని బదులు?" అని అడగండి.

"మామిడి పండు తినొచ్చా డాక్టరు గారూ?" అంటే, బయట ఇంకా నలభై మంది కూర్చున్న డాక్టరు "వద్దు" అనే అంటారు. మీరు ఎక్కడ ఆగుతారో ఆయనకేం తెలుసు? అదే ప్రశ్నను ఇలా మార్చి చూడండి: "నా ఏ1సి 7.2 ఉంది. వారంలో మూడు రోజులు, సాయంత్రం టిఫిన్ మానేసి, వంద గ్రాముల మామిడి తింటే ఎలా ఉంటుందండీ?" ఇప్పుడాయన కుర్చీలో ముందుకు జరుగుతారు. లెక్కతో అడిగిన మనిషికి లెక్కతోనే జవాబు వస్తుంది.

మూడు నెలల షుగర్ సగటు చెప్పే ఈ ఏ1సి 9, 10 దగ్గర ఉన్నా, కిడ్నీ జబ్బు ఉన్నా జవాబు నిజంగానే "ఇప్పుడొద్దు" కావచ్చు. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకు పండులోని పొటాషియంతోనూ పేచీ ఉంటుంది. అప్పుడు ఆ మాట వినాల్సిందే.

2. వంద గ్రాములు ఎంతో ఒక్కసారి కళ్ళారా చూడండి.

టెంక, తొక్క తీసేసిన మామిడి గుజ్జు వంద గ్రాముల్లో సుమారు 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అందులో ఎక్కువ భాగం చక్కెరే. వండిన తెల్లన్నం వంద గ్రాముల్లో ఉండేది 28 గ్రాములు. అంటే వంద గ్రాముల మామిడి తిన్నారంటే ఓ యాభై గ్రాముల అన్నం అదనంగా తిన్నట్టు. కొంప మునిగేంత కాదు, అలాగని లెక్కలోకి రానంత తక్కువా కాదు.

చిక్కంతా రసాలతోనే. బంగినపల్లిని కోసి ముక్కలు పళ్ళెంలో పెట్టుకుంటే ఎన్ని తిన్నారో కంటికి కనబడుతుంది. చిన్న రసం అలా కాదు. అరచేతుల మధ్య మెత్తగా నలిపి, తొడిమ దగ్గర కొరికి, మొదటి సొన పిండి పారేసి నోట్లో పెట్టుకున్నాక, టెంక తెల్లబడేదాకా ఎవరైనా ఆపగలరా? మోచేతి దాకా కారినది కూడా వదలం. ఒకటి అయ్యేసరికి రెండోది చేతిలో ఉంటుంది. మూడోది ఎప్పుడు తీశామో గుర్తుండదు.

అందుకని ఇలా చేయండి. రసాన్ని గిన్నెలోకి పిండండి. వడకట్టొద్దు, ఆ పీచు ఉండాలి. పాలూ పంచదారా అసలే వద్దు. చిన్న టీ గ్లాసుతో ఒకటి కొలిచి, చెంచాతో తినండి. దాదాపు వంద గ్రాములు అదే. మిగతాది పిల్లలకు. "చెంచాతో తింటే అది రసం తిన్నట్టేనా?" అని మీరంటారు. నిజమే, సగం రుచి ఆ జుర్రుకోవడంలోనే ఉంది. ఏ ఆదివారమో ఒక చిన్న పండు, ఒక్కటే ఒక్కటి, మిగతావి వేరే గదిలో పెట్టించి, జుర్రుకునే తినండి.

3. పెరుగన్నంలో మాత్రం వద్దు.

మన ఇళ్ళలో మామిడి పండుకు షుగర్‌తో పెద్ద తగాదా వచ్చేది ఇక్కడే. పప్పన్నం, కూరన్నం, చారన్నం అయ్యాయి. ఆఖర్న పెరుగన్నం కలుపుకుని పక్కన పండు పెట్టుకుంటారు. పండుతో పాటు ఇంకో రెండు ముద్దలు ఎక్కువే దిగుతాయి. అప్పటికే అన్నంతో పైకెక్కిన షుగర్ మీద పండు వచ్చి కూర్చుంటుంది.

పండును భోజనం నుంచి విడదీయండి. ఉదయం పదకొండుకో, సాయంత్రం నాలుగున్నరకో ఒక్కదాన్నే తినండి. ఆ పూట బిస్కెట్లూ పునుగులూ ఉండవు. భోజనంలోనే పండు కావాలంటారా? ఆ రోజు భోజనంలో ఒక గరిటెడు అన్నం తగ్గించి తినండి. రెండూ కావాలంటే మాత్రం కుదరదు.

4. మీ ఒంటిని మీరే అడగండి.

పక్కింటాయనకు సరిపడింది మీకు సరిపడకపోవచ్చు. పండు తినే ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి వేలు గుచ్చి చూడండి. రెండో అంకె 180 లోపు ఉంటే ఆ కొలత మీకు పడినట్టే. దాటిందా? ఈసారి సగం కొలతతో చూడండి. అప్పటికీ దాటితే ఈ ఏడాదికి మీకు పచ్చి కాయే గతి. మామిడికాయ పప్పు మాత్రం తక్కువ భాగ్యమా!

ఇలా రెండు మూడు సార్లు చూస్తే చాలు, రోజూ స్ట్రిప్పులు తగలేయక్కర్లేదు. అంకెలు కాలెండర్ మీద ఆ తేదీ గడిలోనే రాసేయండి. చాకలి పద్దూ పాల లెక్కా రాసుకున్న చోటే ఇదీ ఉంటుంది.

5. ఆవకాయలో షుగర్ లేదు, నిజమే. కానీ ఆవకాయ కలిపిన రోజు అన్నం ఎంత తిన్నారు?

కొత్తావకాయ, వేడన్నం, నెయ్యి. ఇంతకంటే చెప్పక్కర్లేదు. రెండు గరిటెల అన్నం నాలుగవుతుంది. పైగా షుగర్ ఉన్నవాళ్ళలో చాలామందికి బీపీ కూడా ఉంటుంది, ఆవకాయ ఉప్పు దానికి చెరుపు. బద్ద ఒక్కటి వేసుకుని, ఊట వదిలేయండి. ముందు కూరా పప్పూ తిని, ఆకలి సగం తీరాక ఆవకాయ ముద్ద కలపండి. మామిడి తాండ్ర అయితే ఎండబెట్టి చిక్కబరిచిన తీపి. చిన్న ముక్కే కదా అని మోసపోకండి.

6. తోటలో చెమటను నమ్మకండి.

ఒక సన్నివేశం ఊహించుకోండి. మే నెల, ఉదయం ఆరింటికే కోత మొదలైంది. మీరు మాత్ర వేసుకుని, "వచ్చాక తిందాం" అని రెండు ఇడ్లీలతో బయల్దేరారు. పదకొండయింది. చిక్కం కట్టిన గెడ పట్టుకుని చెట్టు కింద నిలబడ్డారు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, కుర్రాడెవరో ట్రే జారవిడిస్తే పూనకం వచ్చినట్టు కసిరారు. "ఎండ దెబ్బ, కాసేపు నీడన కూర్చో బాబాయ్" అంటారు పక్కవాళ్ళు.

ఎండ దెబ్బే కావచ్చు. కాకపోతే? ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకూ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకూ షుగర్ 70 కిందికి పడిపోయినప్పుడు కనిపించేవీ ఇవే: చెమట, వణుకు, గుండె దడ, చూపు మసక, కారణం లేని కోపం. ఎండాకాలంలో తోటలో ఈ రెంటినీ విడదీసి చెప్పడం కష్టం. గ్లూకోమీటరు దగ్గరుంటే చూసుకోండి. లేకపోతే షుగర్ పడిపోయిందనే అనుకుని, మూడు చెంచాల గ్లూకోజు గానీ పంచదార గానీ నీళ్ళలో కలుపుకుని తాగేయండి. పదిహేను నిమిషాలు ఆగండి. తగ్గకపోతే మళ్ళీ అంతే తాగండి. తేరుకున్నాక తప్పకుండా అన్నమో టిఫినో తినాలి, లేదంటే మళ్ళీ పడిపోతుంది. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

"చుట్టూ ఇన్ని పండ్లుంటే గ్లూకోజు ప్యాకెట్టెందుకు?" అనకండి. పండు కంటే గ్లూకోజు త్వరగా పనిచేస్తుంది. చొక్కా జేబులో ఒక చిన్న పొట్లం ఉంచుకోండి. మీకు షుగర్ ఉందన్న సంగతి తోటలో కనీసం ఇద్దరికి తెలియాలి. కోతల రోజుల్లో మాత్ర వేళలు మార్చాలో లేదో మార్చిలోనే డాక్టరును అడిగి పెట్టుకోండి. మూత్రంలో చక్కెరను బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతుంటే ఎండలో ఒంట్లో నీరు తొందరగా తగ్గిపోతుంది. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఆ మాత్ర సంగతి అదే రోజు డాక్టరును అడగండి.

7. పూతకు చేసినంత సేవ పాదాలకు చేయండి.

తేనెమంచు పురుగు పట్టిందేమోనని పూత పూతనూ తిరగేసి చూసే రైతు, తన అరికాలు ఆఖరిసారి ఎప్పుడు చూసుకున్నాడు? షుగర్ ఏళ్ళ తరబడి ఉంటే కాళ్ళ నరాలు మొద్దుబారతాయి. ముల్లు దిగినా నొప్పి తెలియదు. నొప్పి తెలియని పుండుకు ఎవరూ వైద్యం చేయించుకోరు. వేలు తీసేయాల్సిన స్థితి చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది.

తోటలోకి చెప్పుల్లేకుండా అడుగు పెట్టొద్దు. ఎండుటాకుల కింద ఏ ముల్లుందో మీకేం తెలుసు? వేళ్ళు కప్పే చెప్పులైతే మరీ మంచిది. తొడుక్కునే ముందు దులపండి. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోండి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టుకోండి, లేదా మనవడి చేతికి ఫోను టార్చి ఇవ్వండి. వేణ్ణీళ్ళు కాళ్ళ మీద పోసుకునే ముందు మోచేత్తో చూడండి. ఆనెకాయను బ్లేడుతో కోయొద్దు. మామిడి సొన పడి చర్మం కాలినా, చిన్న గాయమైనా, సున్నమూ బెల్లమూ పూయకుండా సబ్బునీళ్ళతో కడగండి. రెండు రోజుల్లో మానే దారి పట్టకపోతే ఆసుపత్రికి వెళ్ళండి. "కోతలయ్యాక చూద్దాం" అనకండి.

8. నొప్పి బిళ్ళ దగ్గర చేయి వెనక్కి తీయండి.

గంపలు మోసి నడుం పట్టేస్తే మెడికల్ షాపుకెళ్ళి "నొప్పులకు రెండు బిళ్ళలివ్వు" అనడం మనకు అలవాటు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు తరచూ వేసుకుంటే కిడ్నీలకు దెబ్బ. షుగర్, బీపీ ఉన్నవాళ్ళకు, అందులోనూ ఎండలో నీళ్ళు తక్కువ తాగినవాళ్ళకు ఇంకా ఎక్కువ. కిడ్నీ పోతే బతుకు ఎలా ఉంటుందో మనం దూరం వెళ్ళి తెలుసుకోనక్కర్లేదు. తిరువూరు వైపు ఎ.కొండూరు మండలం తండాల్లో ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బుతో కుటుంబాలు నలిగిపోయాయి. అక్కడ షుగరే కారణమని కాదు, తాగే నీటి మీదా మరి కొన్నిటి మీదా అనుమానాలున్నాయి. కానీ వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు తిరిగే మనిషి కూలి ఏమవుతుంది, ఇల్లేమవుతుంది అన్నది అక్కడ ఎవర్ని అడిగినా చెబుతారు. ఏడాదికోసారి మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోండి. కంటి వెనక రెటీనా పరీక్ష కూడా అప్పుడే.

9. ఇన్సులిన్‌కు ఎండ పడదు.

వాడని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, ఐసు గడ్డకట్టే చోట కాదు. తోటకు పట్టుకెళ్ళాల్సి వస్తే బండి డిక్కీలో వేయొద్దు, అది పొయ్యి మీద పెట్టినట్టే. ఫ్రిజ్ లేకపోతే మట్టి కుండలో సగం నీళ్ళు పోసి, అందులో చిన్న గిన్నె తేలేసి, నీళ్ళు తగలకుండా సీసాను అందులో పెట్టి మూత వేయండి. నీడలో, గాలాడే చోట ఉంచండి.

ఇక ఇన్సులిన్ అనగానే "ఆఖరి దశ" అనుకునేవాళ్ళకు ఒక మాట. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ళ కుర్రాడికి మొట్టమొదటి ఇన్సులిన్ సూది వేశారు. అంతకు ముందు టైప్ 1 షుగర్ వచ్చిన పిల్లలు బతికేవాళ్ళు కారు. అది వచ్చాకే బతకడం మొదలైంది. మామిడాకు కషాయం తాగుతూ ఇన్సులిన్ మానేయడమంటే ఆ 1922కు ముందు రోజుల్లోకి మీ అంతట మీరు నడిచి వెళ్ళడం.

10. ఇంట్లో పోలీసులనూ, బలవంతపెట్టే చుట్టాలనూ మాటలతో దారికి తెచ్చుకోండి.

వియ్యంకుల ఇంటికి వెళ్ళారు. "మా తోట పండు వదినగారూ, ఒక్కటి తింటే ఏం కాదులెండి" అంటారు. మీరు మొహమాటపడతారు. పక్కనుంచి కోడలు అందరి ముందూ "అత్తయ్యకు షుగరండీ, పెట్టకండి" అంటుంది. ఆ పూట తినకపోయినా, ఇంటికొచ్చాక కసి కొద్దీ రెండు తింటారు. ఎవరు గెలిచినట్టు?

ముందే మాటలు తయారుగా పెట్టుకోండి. చుట్టాలతో: "మీ తోట పండు నాకు రెండు ముక్కలు కోసి పెట్టండి వదినగారూ, రుచి చూడకుండా వెళ్తానా!" రెండు ముక్కలతో మర్యాదా దక్కింది, లెక్కా దక్కింది. కోడలితో, ఇంట్లో, నెమ్మదిగా: "అమ్మాయీ, నలుగురిలో అనకు. సాయంత్రం ఆ టీ గ్లాసు కొలిచి నువ్వే ఇవ్వు." కాపలా కాసే మనిషికి మీరు పని అప్పజెప్పారు, ఇక గొడవుండదు.

జబ్బును దాచకండి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం లెక్కన దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. ఇందులో సిగ్గెందుకు? క్రికెటర్ వసీం అక్రమ్ 30 ఏళ్ళ వయసులో షుగర్ బయటపడ్డాక కూడా ఇన్సులిన్ వేసుకుంటూనే ఏళ్ళ తరబడి బౌలింగ్ చేశాడు. నటి సమంతది వేరే జబ్బు, అయినా దాచలేదు; తనకు మయోసైటిస్ ఉందని 2022 అక్టోబరులో తానే ప్రకటించారు. వాళ్ళ సంగతి లోకమంతటికీ తెలిసింది. మీ సంగతి తెలియాల్సింది ఇంట్లోవాళ్ళకూ తోటలో ఇద్దరికీ, అంతే.

11. పెళ్ళి భోజనం ఒంటిగంటన్నరకని కార్డులో ఉంటే, మూడింటికని లెక్కేసుకోండి. మాత్ర వేసుకుని పంక్తి కోసం కూర్చోవద్దు. విస్తరి ముందు కూర్చున్నాకే వేసుకోవాల్సినది అప్పుడే వేసుకోండి. సంచిలో వేయించిన శనగలు ఉండనివ్వండి.

12. డబ్బుల్లేక మాత్రలు ఆపొద్దు. మామిడి ధర పడిన ఏడాది మొదట కోత పడేది ఇంటి పెద్దల మందుల మీదే. మామూలు షుగర్, బీపీ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, 104 బండి ఊరికొచ్చే రోజున ఉచితంగా ఇస్తారు. జన ఔషధి దుకాణాల్లో జనరిక్ మందులు చవక. 2025 మార్చిలో పేటెంటు గడువు తీరాక ఎంపాగ్లిఫ్లోజిన్ ధర కూడా బాగా దిగివచ్చింది. "ఇదే మందు తక్కువ ధరలో రాయగలరా?" అని అడగడానికి మొహమాటం వద్దు.

13. పరీక్షలకు తేదీలు మీరే పెట్టుకోండి.

పరీక్షకు రెండు రోజుల ముందు కడుపు మాడ్చుకుని, పరగడుపు షుగర్ బాగా వచ్చిందని మురిసిపోయేవాళ్ళు ఎంతమంది! డాక్టరును మోసం చేశామనుకుంటారు. ఏ1సి పరీక్ష దగ్గర ఆ పాచిక పారదు, అది గడిచిన మూడు నెలల సగటు చెబుతుంది. దాన్నే మనకు అనువుగా వాడుకోవచ్చు. మార్చి నెలాఖరున, గడ్డిలో మొదటి కాయ మాగేయకముందు ఒకసారి చేయించండి. జూన్ నెలాఖరున, ఆఖరి లోడు వెళ్ళాక ఇంకోసారి. రెండో అంకె అచ్చంగా మీ సీజన్ లెక్క.

చాలామందికి డాక్టర్లు చెప్పే గురి 7 లోపు. వయసునీ మిగతా జబ్బులనీ బట్టి మీది వేరే ఉండొచ్చు, కనుక్కోండి. మార్చిలో 7.1 ఉండి జూన్‌లో 7.4 అయితే, ఏ వారాల్లో జారామో కాలెండర్ గడులు చూస్తే తెలిసిపోతుంది. 8.5 అయితే ఆ కాలెండర్‌ను గోడకున్న మేకు నుంచి తీసి చుట్టి, డాక్టరు దగ్గరికి సంచిలో పెట్టుకెళ్ళండి. మే నెల కాగితం ఆయన బల్ల మీద పరిచి, ఏ రోజు ఎంత తిన్నారో, ఏ రోజు మాత్ర తప్పిందో చూపించండి. వచ్చే సీజన్ కొలత ఆ బల్ల దగ్గరే, ఇద్దరూ కలిసి రాసుకోండి.